పిల్లల్లో పక్క తడపడం, మూత్ర సంబంధ ఇబ్బందులు

నిర్వచనం

ఐదేళ్ళు నిండిన పిల్లలు నిద్రలో తమకు తెలియకుండా మూత్రం పోసుకోవడాన్ని పక్క తడపడం అంటారు. వైద్య పరిభాషలో దీని పేరు ఎన్యూరెసిస్, ఆయుర్వేదంలో శయ్యామూత్రం. మూడేళ్ళ పిల్ల పక్క తడిపితే అది జబ్బు కాదు, ఎదుగుదలలో ఒక దశ. అందుకే నిర్వచనంలో వయసు హద్దు పెట్టారు. మూడు నెలల పాటు నెలకు ఒక్కసారైనా ఇలా జరిగితే అంతర్జాతీయ బాలల మూత్ర నియంత్రణ సంఘం (ఐ.సి.సి.ఎస్.) దీన్ని లెక్కలోకి తీసుకుంటుంది. వారానికి నాలుగు రాత్రులు, అంతకు మించి తడిస్తే ‘తరచు’ కిందికి వస్తుంది. మానసిక వైద్యుల వర్గీకరణ అయిన డి.ఎస్.ఎం.-5 ప్రకారం మూడు నెలల పాటు వారానికి రెండుసార్లు జరగాలి, లేదా అది బిడ్డకు బాధ కలిగించేదిగా ఉండాలి.

పగటి పూట బట్టలు తడవడం, ఆపుకోలేని తొందర, మాటిమాటికీ వెళ్ళడం, గంటల తరబడి బిగబట్టుకోవడం, ముక్కి పోయడం, మంట కూడా ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. రాత్రి తడిసిన దుప్పటి అందరికీ కనిపిస్తుంది. పగలు ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. వైద్యుడికి కావలసిన సమాచారం చాలావరకు అక్కడే ఉంటుంది.

చరిత్ర

క్రీ.పూ. 1550 ప్రాంతానికి చెందిన ఈజిప్టు వైద్యపత్రం ఎబెర్స్ పాపిరస్‌లోనే దీనికి మందు ఉంది. శార్ఙ్గధర సంహిత శయ్యామూత్రాన్ని బాలరోగాల్లో చేర్చింది. ఇంగ్లీషులో తొలి పిల్లల వైద్య గ్రంథంగా పేరున్న పుస్తకాన్ని 16వ శతాబ్దంలో థామస్ ఫేయర్ రాశాడు. అందులో దీనికి ఒక అధ్యాయమే కేటాయించి, కోడిపుంజు గొంతుగొట్టం, మేక గిట్టలు పొడి చేసి ఇమ్మన్నాడు. మన ఇళ్ళలో నువ్వులూ బెల్లమూ దంచి పెట్టడం ఇలాంటి వాడుకే. బలానికి మంచిదే గానీ, దానివల్ల పక్క పొడిగా ఉంటుందని చెప్పే ఆధారాలు లేవు.

శాస్త్రీయ చికిత్సకు దారి అనుకోకుండా దొరికింది. 1904లో ఆస్ట్రియా పిల్లల వైద్యుడు మైన్‌హార్ట్ ఫాన్ ఫౌండ్లర్ ఆసుపత్రిలో పక్క తడిసిన వెంటనే నర్సులకు తెలియాలని గంట మోగే సాధనం అమర్చాడు. గంట వింటూ వింటూ కొందరు పిల్లలు పక్క తడపడమే మానేశారు. 1938లో అమెరికాలో హోబర్ట్ మౌరర్, విల్లీ మే మౌరర్ దంపతులు దాన్ని ఒక చికిత్సా పద్ధతిగా తీర్చిదిద్దారు. 1960లో ఇమిప్రమిన్ అనే దిగులు మందు ఇందుకు పనిచేస్తుందని గుర్తించారు. 1980ల్లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే వాసోప్రెసిన్ హార్మోను ఈ పిల్లల్లో కొందరికి రాత్రి పెరగాల్సినంత పెరగడం లేదు. 1995లో 13వ క్రోమోజోముతో సంబంధం బయటపడడంతో వంశపారంపర్యానికి జన్యు ఆధారం దొరికింది. పేర్లు, కొలతల విషయంలో ఎవరి పద్ధతి వారిదిగా ఉన్న గందరగోళానికి ఐ.సి.సి.ఎస్. 2006లో ఇచ్చిన పరిభాష చాలావరకు తెర దించింది. పక్క తడపడంపై 2015లో మొదలైన అవగాహన దినాన్ని ఏటా మే నెల చివరి మంగళవారం జరుపుతున్నారు.

మూత్రకోశం పనితీరు

మూత్రపిండాలు వడగట్టిన మూత్రం మూత్రకోశంలో చేరుతుంది. దాని గోడ డెట్రూసర్ అనే కండరం. నిండేటప్పుడు ఈ కండరం వదులుగా, కింద ద్వారం దగ్గరి కండరం బిగువుగా ఉండాలి. పోసేటప్పుడు గోడ బిగుసుకుని ద్వారం వదులవ్వాలి. ఈ పొత్తు కుదిర్చే కేంద్రాలు వెన్నుపాము అడుగు భాగంలోనూ మెదడు కాండంలోనూ ఉన్నాయి, వాటి పైన మెదడు అజమాయిషీ ఉంటుంది.

పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు ఇరవైసార్ల దాకా పోస్తుంది. రెండో ఏడు దాటాక ‘వస్తోంది’ అని తెలుస్తుంది. సాధారణంగా నాలుగైదేళ్ళకు పగటి అదుపు, ఆ తర్వాత రాత్రి అదుపు వస్తాయి. వయసుకు తగ్గ మూత్రకోశ సామర్థ్యాన్ని ఒక చిన్న లెక్కతో అంచనా వేస్తారు. వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తే అన్ని మిల్లీలీటర్లు. ఆరేళ్ళ బిడ్డకు 210, పన్నెండేళ్ళకు 390. అక్కడితో ఈ సూత్రం ఆగిపోతుంది.

పక్క తడవాలంటే రెండు జరగాలి. రాత్రి తయారైన మూత్రం మూత్రకోశం పట్టనంత కావాలి, లేదా మూత్రకోశం నిండకముందే బిగుసుకోవాలి. ఆ సంకేతం వచ్చినా బిడ్డకు మెలకువ రాకూడదు. ‘ఎత్తుకెళ్ళి వరండాలో పడేసినా లేవడు’ అనే తల్లి మాట అతిశయోక్తి కాదు. ఈ పిల్లలను లేపడం నిజంగానే కష్టమని పరిశోధనలూ చెబుతున్నాయి.

రకాలు

ఎప్పుడూ వరసగా ఆరు నెలలు పొడిగా లేని పిల్లలది ప్రాథమిక రకం. ఆరు నెలలో అంతకంటే ఎక్కువో పొడిగా ఉండి మళ్ళీ మొదలైతే ద్వితీయ రకం. కొత్త జబ్బు, మలబద్ధకం, ఇంట్లో లేదా బడిలో తగిలిన దెబ్బ వంటి కారణాలను ద్వితీయ రకంలో ప్రత్యేకంగా వెతకాలి.

చికిత్సకు ఎక్కువ పనికొచ్చేది మరో విభజన. పగలు ఏ ఇబ్బందీ లేకుండా రాత్రి మాత్రమే తడిస్తే ఏకలక్షణ రకం. పగలు తొందర, తడి, బిగబట్టడం, సన్నటి ధార వంటివి ఉంటే బహులక్షణ రకం. నెమ్మదిగా అడిగితే, ‘రాత్రే తడుపుతాడండీ’ అని తీసుకొచ్చిన పిల్లల్లో చాలామంది రెండో వర్గంలో తేలతారు.

వ్యాప్తి

వివిధ దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే ఐదేళ్ళ వయసులో సుమారు 15 శాతం, ఏడేళ్ళకు 10 శాతం, పదేళ్ళకు 5 శాతం పిల్లల్లో ఇది ఉంటుంది. ఏటా దాదాపు 15 శాతం మందికి చికిత్స లేకుండానే తగ్గిపోతుంది. పెద్దయ్యాకా నూటికి ఒకరిలో, లేదా అంతకంటే కొంచెం తక్కువమందిలో మిగులుతుంది. మగపిల్లల్లో ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికి చిన్నప్పుడు ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 44 శాతం, ఇద్దరికీ ఉంటే 77 శాతం. ‘నీకూ ఉండేది కదరా’ అని నాయనమ్మ నోరు విప్పేదాకా తండ్రి ఈ సంగతి చెప్పడు. ఆ ఒక్క మాటతో బిడ్డకు కలిగే ఊరట చిన్నది కాదు.

కారణాలు

రాత్రి మూత్రం ఎక్కువ కావడం, మూత్రకోశం చిన్నదిగా లేదా అతి చురుకుగా ఉండడం, మెలకువ రాకపోవడం అనేవి మూడు మూల కారణాలు. ఒకే బిడ్డలో మూడూ కలిసి ఉండవచ్చు. వీటికి తోడయ్యేవాటిలో ముందు చెప్పాల్సింది మలబద్ధకం (చూ. మలబద్ధకం). మూత్రకోశం వెనకే పురీషనాళం ఉంటుంది. అందులో గట్టిపడ్డ మలం మూత్రకోశాన్ని ముందుకు నొక్కి, పట్టే చోటు తగ్గించి, వేళకాని వేళ బిగుసుకునేలా చేస్తుంది. రోజూ రెంటికి వెళ్ళే బిడ్డకూ లోపల మలం పేరుకుని ఉండవచ్చు.

అడినాయిడ్లు పెరిగి నోరు తెరిచి గురకపెట్టే పిల్లలు, ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉన్న పిల్లలు (చూ. ఏ.డి.హెచ్.డి.), నులిపురుగుల దురదతో నిద్ర చెడే ఆడపిల్లలు ఈ వరసలోవారే. కొత్తగా చెల్లెలు పుట్టడం, ఇంట్లో చావు, హాస్టల్లో చేరడం ఆగిపోయిన సమస్యను తిరగదోడగలవు. లైంగిక వేధింపు కూడా కారణం కావచ్చు, కాబట్టి అవసరమైతే పిల్లతో విడిగా మాట్లాడాలి. బద్ధకం, మొండితనం, అతిగారాబం కారణాలు కావు.

పగటి ఇబ్బందులు

అతిచురుకు మూత్రకోశం ఉన్న బిడ్డకు ఉన్నట్టుండి తొందర వస్తుంది. పరుగెత్తేలోపే కాస్త తడుస్తుంది. ఆటలో ఉన్న పిల్ల హఠాత్తుగా మడమ మీద కూలబడి కదలకుండా ఉండడం చాలామంది తల్లులు చూసే ఉంటారు. అది ఆట కాదు. మడమతో మూత్రద్వారాన్ని నొక్కి మూత్రాన్ని ఆపుకునే ఉపాయం.

బిగబట్టే పిల్లలు దీనికి వ్యతిరేక రకం. రోజుకు రెండు మూడుసార్లకు మించి వెళ్ళరు. ఏళ్ళ తరబడి బిగబడితే పోసేటప్పుడూ ద్వారపు కండరం వదులవ్వక, ధార ఆగి ఆగి వచ్చి, కొంత లోపలే మిగులుతుంది. మిగిలినది ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తుంది. ఇది ముదిరితే నరాల జబ్బేమీ లేకున్నా మూత్రపిండాల దాకా దెబ్బ తగిలే హిన్‌మన్ సిండ్రోమ్ వస్తుంది. అరుదైనదే కానీ నిర్లక్ష్యం చేయదగ్గది కాదు.

నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య ఉన్నట్టుండి పావుగంటకోసారి కొద్దికొద్దిగా పోస్తూ, నిద్రలో మాత్రం హాయిగా ఉండే పిల్లలూ ఉంటారు. మూత్రంలో చక్కెర, ఇన్‌ఫెక్షన్ లేవని తేలితే వారాల్లోనో నెలల్లోనో దానంతటదే పోతుంది. నవ్వినప్పుడు మాత్రమే పూర్తిగా తడిసిపోవడం మరో విడి రకం.

మంటతో కూడిన మూత్రం దగ్గర మన ఇళ్ళలో ఒక చిక్కుంది. ‘వేడి చేసింది’ అంటూ సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు పట్టించి రెండు రోజులు చూస్తారు. ఎండల్లో నీళ్ళు తక్కువై మూత్రం చిక్కబడితే అది సరిపోవచ్చు. మంటతో పాటు జ్వరం, నడుము పక్కన నొప్పి, వాసన, మళ్ళీ పక్క తడపడం ఉంటే మాత్రం ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు పంపాలి. మందు పడ్డాక పంపితే ఫలితం మీద ఆధారపడలేం.

పరీక్షించే పద్ధతి

ఖరీదైన యంత్రాలేవీ లేకుండానే మొదటి విడత పరీక్ష ముగుస్తుంది. ఎప్పటినుంచి, వారానికి ఎన్ని రాత్రులు, ఒక రాత్రిలో ఎన్నిసార్లు, పగలు ఎన్నిసార్లు వెళతారు, రెంటికి ఎలా వెళతారు, దాహం ఎంత, గురక ఉందా, ఇంతకుముందు ఏం చేశారు, తడిసిన పొద్దున ఇంట్లో ఏం జరుగుతుంది అన్నవి ప్రశ్నలు. చివరి ప్రశ్నకు జవాబు సాధారణంగా తల్లి ముఖంలో కన్నా బిడ్డ తలవంపులో దొరుకుతుంది.

తర్వాత మూత్రం డైరీ. కనీసం రెండు రోజులు తాగినదీ పోసినదీ కొలపాత్రతో కొలిచి వేళతో సహా రాస్తారు, ఏడు రాత్రులు తడీ పొడీ గుర్తిస్తారు. రాత్రికి డైపరు తొడిగి తెల్లారి తూచి, పొడి బరువు తీసేస్తే నిద్రలో పోసిన మూత్రం లెక్క వస్తుంది. లేవగానే పోసిన మూత్రమూ రాత్రి ఖాతాలోదే.

ఉదాహరణకు ఎనిమిదేళ్ళ అబ్బాయి డైరీలో ఒక రోజు ఇలా ఉందనుకుందాం. బడికి వెళ్ళేముందు ఒకసారి పోశాడు. బడిలో ఒక్కసారీ లేదు, నీళ్ళ సీసాలో సగం, అంటే 250 మి.లీ. తాగాడు. సాయంత్రం 4.50కి చెప్పులు విప్పకుండానే బాత్‌రూమ్‌కు పరుగెత్తి 190 మి.లీ. పోశాడు, నిక్కరు కాస్త తడిసింది. పడుకునేలోపు పాలు 200, నీళ్ళు 500 తాగి, మధ్యలో రెండుసార్లు పోశాడు. తెల్లారి డైపరులో 230, లేచాక 150.

అతని వయసుకు సామర్థ్యం 270 మి.లీ. పగలు ఒకసారికి పోసిన అత్యధికం అందులో 65 శాతం కన్నా, అంటే సుమారు 175 మి.లీ. కన్నా తక్కువైతే మూత్రకోశం చిన్నదని అర్థం. ఇతనిది 190, కాబట్టి ఫరవాలేదు. రాత్రి మొత్తం 380. సామర్థ్యంలో 130 శాతం, అంటే 351 దాటింది కాబట్టి రాత్రి మూత్రం ఎక్కువ. రోజంతా తాగినదాంట్లో సుమారు ముప్పాతిక బడి నుంచి వచ్చాకే తాగాడు, బడిలో బిగబట్టాడు. స్కానింగ్ చెప్పలేని సంగతులు ఈ కాగితం చెప్పింది.

శరీర పరీక్షలో పొట్ట నొక్కి మలపు గడ్డలు, లోదుస్తుల్లో మలపు మరకలు, మగపిల్లల్లో ముందుతోలు బిగువు, ఆడపిల్లల్లో యోని పెదవుల అతుకు చూస్తారు. నడుము కింద గుంట, వెంట్రుకల కుచ్చు, మచ్చ ఉంటే వెన్నులో లోపాన్ని అనుమానిస్తారు (చూ. స్పైనా బైఫిడా). నడక, పాదాల ఆకారం, రక్తపోటు, ఎదుగుదల కూడా పరీక్షించాలి.

మూత్రపరీక్షలో చక్కెర, ప్రొటీన్, ఇన్‌ఫెక్షన్ జాడలు చూస్తారు. ఏకలక్షణ రకానికి చాలావరకు ఇంతటితో చాలు. స్కానింగ్, ఎక్స్‌రేలు మామూలుగా అవసరం లేదు. బహులక్షణ రకంలో అల్ట్రాసౌండ్ తీసి, పోశాక మిగిలిన మూత్రం, మూత్రకోశపు గోడ మందం, మలంతో ఉబ్బిన పురీషనాళం చూస్తారు. ధారను గీతగా గీసే యూరోఫ్లో పరీక్షలో ఆరోగ్యవంతమైన గీత గంట ఆకారంలో ఉంటుంది. అతిచురుకు మూత్రకోశానిది నిటారు గోపురం, అడ్డంకి ఉన్నవాడిది బల్లపరుపు, ద్వారం బిగించే బిడ్డది రంపపు పళ్ళ వరస.

వెంటనే చూపించాల్సిన సూచనలు

పక్క తడపడం కొత్తగా మొదలై, విపరీతమైన దాహం, బరువు తగ్గడం తోడైతే అదే రోజు రక్తంలో చక్కెర చూడాలి (చూ. టైప్-1 మధుమేహం). మూత్రం పోసిన చోట చీమలు చేరుతున్నాయని తల్లి గమనించడం ప్రయోగశాల కన్నా ముందే ఈ జబ్బును పట్టించిన సందర్భాలున్నాయి. మగపిల్లవాడి ధార ఎప్పుడూ సన్నగా, ముక్కితే గానీ రాకుండా ఉంటే మూత్రనాళంలో పుట్టుకతో వచ్చే కవాటాలు ఉండవచ్చు. ఆడపిల్ల మామూలుగా పోస్తూనే, పోయడానికీ పోయడానికీ మధ్య రోజంతా చుక్కలుచుక్కలుగా కారుతుంటే మూత్రవాహిక తప్పుచోట తెరుచుకుని ఉండవచ్చు. ఆ పిల్లను ‘అశుభ్రం’ అని తిట్టిన ఏళ్ళన్నీ శస్త్రచికిత్సతో నయమయ్యే లోపానికి వేసిన శిక్షే. కాళ్ళలో బలహీనత, నడకలో తేడా, రక్తంతో కూడిన మూత్రం, పదేపదే ఇన్‌ఫెక్షన్ కూడా నిపుణుల దగ్గరికి పంపాల్సిన కారణాలే.

చికిత్స

ముందు మలబద్ధకం, తర్వాత పగటి అలవాట్లు, చివర రాత్రి. ఈ వరస తిరగేసి నేరుగా మాత్ర రాస్తే నిరాశే మిగిలే అవకాశం ఎక్కువ.

మలాన్ని మెత్తబరిచే పాలిఎథిలిన్ గ్లైకాల్, లాక్టులోజ్ వంటివి వారాలు కాదు, తరచు నెలల పాటు ఇవ్వాలి. పగలు రెండు మూడు గంటలకోసారి, రాకపోయినా, వెళ్ళి కూర్చోవాలి. రోజంతా తాగేదాంట్లో సుమారు 40 శాతం ఉదయం, 40 శాతం మధ్యాహ్నం, మిగతా 20 శాతం సాయంత్రం ఐదు తర్వాత తాగితే మంచిది. నీళ్ళు పూర్తిగా కట్టేయడం దీని అర్థం కాదు. సాయంత్రం టీ, కాఫీ, కోలాలు వద్దు. కమోడ్ మీద కాళ్ళు వేలాడుతుంటే కటి కండరాలు వదులవ్వవు. పాదాల కింద పీట వేసి, మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోబెట్టాలి. గొంతుక్కూర్చునే పాత దొడ్డిలో ఈ సమస్య తలెత్తేది కాదు.

అర్ధరాత్రి లేపి తీసుకెళితే దుప్పటి పొడిగా ఉంటుంది గానీ సమస్య త్వరగా పోదు. పొడి రాత్రికి బహుమతి కూడా జాగ్రత్తగా ఇవ్వాలి, ఎందుకంటే పొడిగా ఉండడం బిడ్డ చేతిలో లేదు. వేళకు వెళ్ళినందుకు, తడి దుప్పటి తీసి బకెట్లో వేసినందుకు మెచ్చుకోవచ్చు.

అలారం: లోదుస్తుకు తగిలించిన తేమ గ్రాహకం మొదటి చుక్కలకే మోగుతుంది. తొలి వారాల్లో బిడ్డ తప్ప ఇంటిల్లిపాదీ లేస్తారు. ఆ సమయంలో పెద్దలే బిడ్డను లేపి, తన చేత్తోనే అలారం ఆపించి, మిగతాది బాత్‌రూమ్‌లో పోయించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మార్పేమీ కనిపించకపోతే ఆపేయవచ్చు. ఫలితం ఉంటే వరసగా 14 పొడి రాత్రులు వచ్చేదాకా కొనసాగిస్తారు. సుమారు మూడింట రెండు వంతుల మందికి పనిచేస్తుంది, ఆపాక తిరగబెట్టడం మందులకన్నా తక్కువ. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లో, రాత్రి షిఫ్టు చేసే తల్లిదండ్రులకు ఇది కష్టమైన చికిత్స. అది ఓపిక లేకపోవడం కాదు, ఇంటి పరిస్థితి.

డెస్మోప్రెసిన్: వాసోప్రెసిన్‌కు ప్రయోగశాలలో చేసిన నకలు. రాత్రి మూత్రం ఎక్కువగా ఉన్న పిల్లలకు బాగా నప్పుతుంది. పడుకోవడానికి గంట ముందు 0.2 మి.గ్రా. మాత్ర, అవసరమైతే 0.4, నాలుక కింద కరిగేది 120 మైక్రోగ్రాములు, అవసరమైతే 240. సుమారు 30 శాతం మందికి పూర్తిగా, 40 శాతం మందికి కొంతవరకు పనిచేస్తుంది. ఆపితే తిరగబెట్టడం ఎక్కువ. ఒక్క నియమం తప్పకూడదు: మాత్రకు గంట ముందు నుంచి ఎనిమిది గంటల తర్వాత దాకా తాగేది ఒక గ్లాసుకు, అంటే 200 మి.లీ.కి మించరాదు. మించితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఈ ప్రమాదం వల్లే 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పక్క తడపడానికి ముక్కు స్ప్రే వాడవద్దని చెప్పింది. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజుల్లో మందు ఆపాలి. దీర్ఘకాలం వాడితే మూడు నెలలకోసారి విరామమిచ్చి, ఇంకా అవసరముందో లేదో చూడాలి.

ఇతర మందులు: అతిచురుకు మూత్రకోశానికి ఆక్సీబ్యుటినిన్ వంటివి ఇస్తారు. అవి నోరు ఎండగొట్టి, చెమట తగ్గించి, మలబద్ధకాన్ని పెంచగలవు. రోహిణి కార్తె ఎండల్లో చెమట తగ్గడం చిన్న విషయం కాదు. ఇమిప్రమిన్ పనిచేసినా మోతాదు మించితే గుండె లయ చెడి ప్రాణం పోగలదు. మిగతా చికిత్సలు విఫలమయ్యాకే, నిపుణుల పర్యవేక్షణలో, చిన్నపిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచి వాడాల్సిన మందు ఇది.

బడి, హాస్టల్

బిగబట్టే అలవాటుకు పుట్టిల్లు తరచు బడి. ఒంటేలు బెల్లు కొట్టిన పది నిమిషాల్లో వందమందికి రెండు దొడ్లు ఉంటే, ఉన్నవాటికి గడియ లేకపోతే, ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళే తాగరు. బడుల్లో మరుగుదొడ్లు తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘మనబడి నాడు–నేడు’, తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు–మన బడి’ పథకాల పనుల్లో నీటి వసతి గల మరుగుదొడ్లు ఉండేవి. నీళ్ళు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతిని కేరళ బడులు 2019లో అమలు చేశాయి. తాగమనే గంట ఉన్నచోట వెళ్ళనిచ్చే సమయమూ ఉండాలి.

1971లో సర్వేల్‌లో తొలి గురుకులం వెలిసినప్పటి నుంచి తెలుగు నాట లక్షల మంది పిల్లలు హాస్టళ్ళలో పెరిగారు. పక్క తడిపే బిడ్డకు అక్కడి ఉదయం భయంకరమైనది. తడిసిన పరుపు నలుగురి ఎదుట మోయించడం, ఎండలో నిలబెట్టడం విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ నిషేధించిన శిక్ష, మానసిక వేధింపు కిందికే వస్తాయి. అలాంటి బిడ్డకు రెండంతస్తుల మంచంలో కింది పడక, రబ్బరు షీటు, అదనపు దుప్పటి, తెల్లవారుజామునే ఎవరూ లేవకముందు ఉతుక్కునే వీలు కావాలి. వార్డెన్ ఒక్కరికి తెలిస్తే చాలు, గదంతా తెలియాల్సిన పని లేదు. విహారయాత్రకో ఎన్.సి.సి. శిబిరానికో వెళ్ళే పిల్లలకు డెస్మోప్రెసిన్ ఆ కొద్ది రోజులకే ఇవ్వవచ్చు. ఎంత మోతాదు సరిపోతుందో ప్రయాణానికి ముందే ఇంట్లో వేసి చూసుకోవాలి.